నాన్నగారేం చేస్తుంటారు?

పోయిన ఆదివారం సర్టిఫికెట్ల గురించి రాశాక చాలామంది పిల్లలు అడిగింది ఒకటే. "అక్కా, కాగితాలు సరే, ఇంటర్వ్యూల గురించి రాయండి" అని. రాద్దామనే కూచున్నా. ఎన్ని రకాల ఇంటర్వ్యూలుంటాయి, దేనికెలా తయారవ్వాలి అని వరసపెట్టి సగం రాశా కూడా. గురువారం రాత్రి ఒక ఫోనొచ్చింది. దాంతో రాసింది పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఫోన్ చేసింది హాస్టల్లో నాతో ఒకే ట్రంకుపెట్టె వాడుకున్న నేస్తం కూతురు. పేరు రాయను. బ్యాంకు పీవో మెయిన్స్ దాటింది. మంగళవారం ఇంటర్వ్యూ. రెపో రేటు గురించో, ఎన్‌పీఏల గురించో అడుగుతుందేమో అనుకున్నా. అవన్నీ దానికి నాకంటే బాగా వచ్చు.

"పిన్నీ, నాన్న ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పను?"

వాళ్ల నాన్న మున్సిపాలిటీలో పారిశుధ్య కార్మికుడు. కాంట్రాక్టు మీద. తెల్లారుజామున నాలుగింటికి చీపురూ తోపుడుబండీ పట్టుకుని బయల్దేరతాడు. ఆ పిల్ల కోచింగ్ ఫీజంతా ఆ బండి తోసిన డబ్బే.

"మున్సిపాలిటీలో ఉద్యోగం అనేస్తే? అబద్ధం కాదుగా పిన్నీ?"

అబద్ధం కాదు. ఆ మాట నిజమే. కానీ నా నోటికి "సరే, అలాగే చెప్పు" అని రాలేదు. "నిజం చెప్పెయ్, భయమేంటి" అనీ రాలేదు. ఉద్యమం మీటింగుల్లో మైకు పట్టుకుని ఇరవయ్యేళ్లుగా మాట్లాడుతున్నదాన్ని, "రేపు చెప్తానే" అని ఫోన్ పెట్టేశా. రేపూ చెప్పలా. ఎందుకంటే అదే ప్రశ్నకి నా మొదటి ఇంటర్వ్యూలో నేనేం చెప్పానో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీ అందరికీ చెప్పాలి.

2003, ఏప్రిల్. నాకు ఇరవై మూడేళ్లు. ఎమ్మే అయింది. జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసు ఫీల్డు ఉద్యోగాలకి కాంట్రాక్టు మీద మనుషుల్ని తీసుకుంటోంది. కాల్ లెటరు వచ్చింది. మా ఊళ్లో మిరపకోతలు చివరి దశలో ఉన్నాయి. మా అమ్మ ఆ రోజు కూలి వదులుకుని నాకు తోడొచ్చింది. చర్చికి కట్టుకునే చీర కట్టింది. గేటు దగ్గర వాచ్‌మన్ "అభ్యర్థులే లోపలికి" అన్నాడు. వేపచెట్టు గేటు లోపల ఉంది. అమ్మ గేటు బయట ఎండలో నిలబడింది.

లోపల నలుగురు. పేరు, చదువు, ఊరు. తర్వాత పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, చాలా మర్యాదగా, "నాన్నగారేం చేస్తుంటారమ్మా?" అన్నారు.

"వ్యవసాయం సార్" అన్నా.

ముందుగా అనుకుని చెప్పింది కాదు. నోట్లోంచి అదే వచ్చింది. మా నాన్న వ్యవసాయమే చేసేవాడు, ఇతరుల పొలంలో. మా అమ్మా అంతే. కాకపోతే దానికి మన భాషలో వేరే మాట ఉంది. ఆ మాట గొంతు దాటలేదు.

ఆయన ముఖం వెలిగింది. ఆయనకీ ఊళ్లో పొలం ఉందట. "ఎన్నెకరాలు?" అన్నారు. మూడు అన్నా. "ఏం వేశారు?" మిర్చి అన్నా. "ఏ రకం?" 334 అన్నా. అక్కడిదాకా బాగానే నడిచింది. "ఎకరానికెంత దిగింది? పాస్‌బుక్కు మీద ఏ బ్యాంకులో లోను? యార్డులో ఏ కొట్టుకి వేస్తారు?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. పాస్‌బుక్కు నేను కంటితో చూసి ఎరగను. యార్డుకి మా ఊరి టిక్కీలు పోతాయి కానీ వాటి వెనక మా వాళ్లు పోయేది ఎత్తడానికి. కొట్టు పేరుతో మాకేం పని?

ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు. తల వంచి నా దరఖాస్తు చూశారు. ఎస్సీ అని రాసిన గడి దగ్గర ఆయన పెన్ను ఆగడం నేను చూశా. పక్కాయన కూడా చూశారు. ఇద్దరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "సరేనమ్మా, వెళ్లిరా" అన్నారు. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

నాకేం తెలుసో చెప్తా వినండి. ఎకరా కోతకి ఎంతమంది ఆడవాళ్లు కావాలో తెలుసు. రోజుకూలికి పోతే ఎంత, కేజీల లెక్కన పోతే ఎంత, ఏ రైతు తూకంలో ఎంత కొడతాడో తెలుసు. కల్లంలో తాలుకాయ ఏరడం తెలుసు. తొడిమలు తీసే పనికి పోయిన ఆడవాళ్లకి రాత్రి చేతులు ఎట్లా మండుతాయో, పాలిచ్చే తల్లి బిడ్డని ఎత్తుకునే ముందు ఎన్నిసార్లు చేతులు కడుక్కుంటుందో తెలుసు. ఆ ఉద్యోగం పల్లెటూళ్లలో కూలీ కుటుంబాల దగ్గరికి పోయి పనిచేసే ఉద్యోగం! "కూలి పని సార్" అని ఉంటే నేను ఆ గదిలో గంటసేపు మాట్లాడేదాన్ని. ఆ రెండక్షరాలు మింగేసి, నాకు అక్షరం ముక్క తెలియని సబ్జెక్టులోకి నేనే నడిచి వెళ్లా.

తిరుగు బస్సులో అమ్మ అడిగింది, "ఏవడిగారే?" అని. అన్నీ చెప్పా, అదొక్కటి తప్ప. అమ్మ మాత్రం తన ఇంటర్వ్యూ సంగతి చెప్పింది. వాచ్‌మన్ అడిగాడంట, మీరేం చేస్తారమ్మా అని. "కూలికి పోతాం బాబూ, పిల్ల ఎమ్మే చదివింది అన్నా. మంచోడు, తాగడానికి నీళ్లిచ్చాడు" అంది.

ఉద్యోగం రాలేదు. అది వేరే సంగతి.

ఆ రాత్రి ఒక రెండొందల పేజీల నోట్‌బుక్కు తీసి, అడిగిన ప్రశ్నలన్నీ రాశా. కోపంతో రాశా కానీ తర్వాత అది అలవాటైపోయింది. మా హాస్టల్ ఆడపిల్లలు ఎవరు ఏ ఇంటర్వ్యూకి పోయి వచ్చినా ఆ రోజే కూచోబెట్టి రాయించేదాన్ని. నిద్రపోతే సగం ప్రశ్నలు మర్చిపోతారు. ఇప్పటికి అలాంటివి నాలుగు పుస్తకాలయ్యాయి. టీచర్లు, నర్సులు, బ్యాంకులు, సాఫ్ట్‌వేర్, ఎన్‌జీవోలు, యూనివర్సిటీలు, గ్రూప్స్. మీరు చేయాల్సిన మొదటి తయారీ ఇదే, కొనే గైడు కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది. మీ హాస్టల్లో మీ పుస్తకం ఒకటి పెట్టుకోండి.

ఆ పుస్తకాల్లో సబ్జెక్టు ప్రశ్నలు మారతాయి. "నాన్నగారేం చేస్తుంటారు", "మీది ఊళ్లో ఎక్కడ", "పూర్తి పేరు ఏంటి" మాత్రం దాదాపు ప్రతి ఇంటర్వ్యూలోనూ ఉన్నాయి.

ఇది మన అనుమానం, మన మనసులోని బాధ అనేవాళ్లకి రెండు సంగతులు చెప్పండి. 2007లో సుఖదేవ్ థొరాట్, పాల్ అట్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక అధ్యయనం వేశారు. పేపర్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేరే. పై కులపు పేరున్న దరఖాస్తుతో పోలిస్తే దళిత పేరున్న దానికి పిలుపొచ్చే అవకాశం 0.67 వంతు. ముస్లిం పేరుకి 0.33 వంతు. అంటే ఇంటర్వ్యూ గది తలుపు దాకా రాకముందే ఒక ఇంటర్వ్యూ అయిపోతోంది. అదే ఏడు, అదే పత్రికలో సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ పాతిక మంది హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాశారు. వాళ్లందరూ మేం ప్రతిభే చూస్తాం అంటారు, ఆ తర్వాత దాదాపు అందరూ కుటుంబ నేపథ్యం అడుగుతాం అంటారు. ఆ రెండు మాటలూ ఒకే నోట ఎట్లా వస్తాయో వాళ్లకి వింతగా అనిపించదు.

లా చదివే పిల్లలకి ఇంకోటి. అజయ్ హసియా కేసు చదవండి. శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ సీట్ల గొడవ. రాతపరీక్షకి 100 మార్కులు, ఇంటర్వ్యూకి 50. రెండు మూడు నిమిషాల్లో ముగించారు, అడిగిందేమో తల్లిదండ్రుల గురించి, ఉండే చోటు గురించి, అని అభ్యర్థులు సుప్రీంకోర్టుకి చెప్పుకున్నారు. 1980 నవంబరులో తీర్పొచ్చింది. మొత్తం మార్కుల్లో ఇంటర్వ్యూకి 15 శాతం మించితే అది ఇష్టారాజ్యమేనని అంది కోర్టు. ఇంటర్వ్యూలు టేపురికార్డరులో రికార్డు చేస్తే మంచిదని కూడా అంది. ఇవాళ అందరి జేబుల్లోనూ రికార్డరు ఉంది, గదిలోకి తీసుకుపోనివ్వరు అంతే.

అందుకే 2016 జనవరి నుంచి కేంద్రం గ్రూప్ సీ, గెజిటెడ్ కాని గ్రూప్ బీ ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు తీసేసినప్పుడు, 2022లో తెలంగాణ గ్రూప్ 1, గ్రూప్ 2లకి తీసేసినప్పుడు నేను సంతోషించినదాన్నే. పేదింటి పిల్లలకి రాతపరీక్ష ఒక్కటే కాస్త కళ్లు మూసుకుని తూకం వేసేది. కానీ అన్నీ పోలేదు. సివిల్స్‌లో 2025 మార్కులకి 275 ఇంటర్వ్యూవి. బ్యాంకు పీవోకి 100 మార్కుల ఇంటర్వ్యూ ఉంది, మెయిన్స్ 80, ఇంటర్వ్యూ 20 నిష్పత్తిలో కలుపుతారు. ఇంటర్వ్యూలో జనరల్ వాళ్లకి కనీసం 40 శాతం, మనకి 35 శాతం రావాలి. ఇక ప్రైవేటులో మొదలూ చివరా ఇంటర్వ్యూయే. అక్కడ రిజర్వేషనూ లేదు, మార్కుల జాబితా గోడకి అంటించేదీ లేదు.

సరే, రకాల సంగతికొస్తా.

కంపెనీల్లో మొదట వచ్చేది టెక్నికల్ రౌండు. మన పిల్లలు దీనికే ఎక్కువ భయపడతారు, నిజానికి ఇదే తేలిక. తెలిస్తే తెలుసు, తెలియకపోతే తెలియదు. "తెలియదు సార్" అని గట్టిగా, తలెత్తి చెప్పడం ప్రాక్టీసు చేయండి. నవ్వులాట కాదు, అద్దం ముందు నిలబడి ఆ మాట పదిసార్లు అనండి. మనకి చిన్నప్పటి నుంచి తెలియదంటే దెబ్బ పడింది. అందుకని తెలియనప్పుడు గొణుగుతాం, ఆ గొణుగుడు చూసి వాళ్లు తెలిసినవాటిని కూడా అనుమానిస్తారు.

గ్రూప్ డిస్కషన్ నా బలహీనత. 2005లో హైదరాబాదులో ఒక సంస్థలో ఎనిమిదిమందిని బల్ల చుట్టూ కూచోబెట్టి ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు అని టాపిక్ ఇచ్చారు. ఏడుగురు మెరిట్ మెరిట్ అని ఇంగ్లీషులో గలగలా మాట్లాడారు. హాస్టల్ మెట్ల మీద ఆ టాపిక్ మీద తెల్లారేదాకా వాదించిన మనిషిని, పదిహేను నిమిషాలూ గ్లాసులో నీళ్లు చూస్తూ కూచున్నా. నోరు తెరిస్తే నేనెవరో తెలిసిపోతుందని. (మూసుకున్నా తెలిసే ఉంటుంది. అందరూ ఒక మాట అంటున్నప్పుడు ఒక్కరే ఊరుకున్నారంటే ఇంకేంటి?) తర్వాత పిల్లలతో ప్రాక్టీసు చేయిస్తూ నేర్చుకున్నది ఇది: మొదట మాట్లాడాలని కొట్టుకోవద్దు. రెండో మూడో మనిషి తర్వాత ఒక అంకెతోనో ఒక చట్టంతోనో దిగండి. మన దగ్గర అరుపు తక్కువ, సరుకు ఎక్కువ. గోల జరుగుతున్నప్పుడు "ఇప్పటిదాకా రెండు వాదనలొచ్చాయి" అని మొదలెడితే అందరూ ఆగుతారు. మాదిగపల్లె పంచాయితీలో మా పెదనాన్న చేసేది అదే. దానికి ఇంగ్లీషు అక్కర్లేదు, ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషులో వస్తే చాలు.

ఈమధ్య ఎక్కువైంది ఇంకో రకం. "మీకు ఎదురైన కష్టమైన పరిస్థితి చెప్పండి, ఎలా ఎదుర్కొన్నారు?" అనడం. పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసింది, ఫలితం, ఈ వరసలో చెప్పాలి. ఇలాంటి ప్రశ్నకి మన పిల్లల దగ్గర ఉన్నంత సరుకు ఎవరి దగ్గరా ఉండదు. కానీ చెప్పరు. ఒక అమ్మాయి, హాస్టల్లో పురుగుల బియ్యం పెడుతున్నారని నలభైమందిని కూడగట్టి, సంతకాలు పెట్టించి, సోమవారం గ్రీవెన్స్‌కి కలెక్టరాఫీసుకి నడిపించిన పిల్ల. ఇంటర్వ్యూలో ఏం చెప్పావే అంటే "సెమినార్ ఆర్గనైజ్ చేశానని చెప్పా అక్కా" అంది. బియ్యం సంగతి చెప్తే నాయకురాలు అనుకుని భయపడతారేమో అని. కొంత నిజమే. కొన్నిచోట్ల భయపడతారు. అప్పుడు గొడవ అనే మాట తీసేసి పని చెప్పండి: సమస్య గుర్తించా, నలభైమందితో మాట్లాడా, అర్జీ రాశా, అధికారితో మాట్లాడా, బియ్యం మారాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. మన వాళ్లకి "నేను" అనడం రాదు. అంతా "మేము". మేము వెళ్లాం, మేము అడిగాం. మేము అనేది మన బలం, దాన్ని వదలమనడం లేదు. కానీ ఎదురుగా ఉన్నవాడు తూకం వేసేది ఒక్క మనిషిని. ఆ అరగంట "నేను" అనండి, బయటికొచ్చి మళ్లీ మేము అందాం.

వీడియో ఇంటర్వ్యూ కరోనా తర్వాత వచ్చిన కొత్త పీడ. బస్సు చార్జీ మిగులుతుంది, నిజమే. కానీ ఒకప్పుడు మీదెక్కడ అని అడిగి తెలుసుకునేవాళ్లు ఇప్పుడు మీ వెనక గోడ చూసి తెలుసుకుంటారు. రేకుల కప్పు, దండెం మీద బట్టలు, పక్కింటి టీవీ. ఒక పిల్లాడు నాతో అన్నాడు, "అక్కా, ఇంటర్వ్యూ నాకా మా ఇంటికా?" అని. ముందే చోటు చూసుకోండి. గ్రంథాలయం, చర్చి గది, నేస్తం రూము, స్టడీ సర్కిల్. వెలుగు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. ఫోన్ కళ్ల ఎత్తున ఉండాలి, కింద నాలుగు పుస్తకాలు పెట్టండి. డేటా ఇద్దరి సిమ్ముల్లో ఉంచుకోండి. ముందురోజు అదే టైముకి అక్కడే కూచుని ఎవరికైనా కాల్ చేసి చూడండి, కరెంటు పోయే వేళ తెలుస్తుంది.

ప్యానెల్ ఇంటర్వ్యూ, అంటే బోర్డు. సివిల్స్‌కి మీరు నింపిన ఫారమే ప్రశ్నపత్రం. అందులో రాసిన ప్రతి మాటకీ పది ప్రశ్నలు మీరే వేసుకోండి. హాబీ అని పుస్తక పఠనం రాసి పుస్తకం పేరు చెప్పలేక మునిగినవాళ్లు నా నోట్‌బుక్కులో బోలెడు. మెయిన్స్ తెలుగులో రాసినవాళ్లు ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు, అది హక్కు, సిగ్గుపడేది కాదు.

యూనివర్సిటీ ఇంటర్వ్యూల గురించి రాయాలంటే చేయి బరువెక్కుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి మీ డిగ్రీలు, నెట్, పీహెచ్‌డీ, పేపర్లు అన్నీ షార్ట్‌లిస్టుకే. తుది ఎంపిక ఇంటర్వ్యూ మీదే. అయిదేళ్ల పరిశోధన తీసుకుని ఒకచోట బోర్డు ముందు కూచున్నా. థీసిస్ మీద ఒక్క ప్రశ్న లేదు. "మీరు ఉద్యమాల్లో తిరుగుతారటగా, పాఠాలెప్పుడు చెప్తారు?" అన్నారొకరు. ఆరేడు నిమిషాలు. కొన్నాళ్లకి ఆ ఎస్సీ పోస్టుకి ఫలితం వచ్చింది: తగినవారు ఎవరూ దొరకలేదు. పిలిచిన వాళ్లందరం పీహెచ్‌డీలమే. దీనికి తయారీ ఏంటని అడగకండి. ఇది తయారీతో తీరేది కాదు, కమిటీలో ఎవరు కూచుంటున్నారో అడగడంతో తీరేది. ఆర్టీఐ వేసి ఎవరికెన్ని మార్కులో అడగండి. నేను వేశాను. దాని కథ ఇంకో ఆదివారం.

బోర్డు కావాలని రెచ్చగొట్టే ఇంటర్వ్యూలు కూడా ఉంటాయి, ఒత్తిడిలో ఎలా ఉంటారో చూడ్డానికి. మన పిల్లలకి అది వచ్చే దారి ముందే తెలుసు. "రిజర్వేషన్ లేకపోతే ఇక్కడుండేదానివా?" అంటారు. వాదన గెలవాలని చూడకండి, గొంతు వణక్కుండా ముగించాలి, అంతే. 16(4) అధికరణం, 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు, ఓపెన్ మెరిట్‌లో వచ్చిన ఎస్సీ అభ్యర్థిని రిజర్వు కోటాలో లెక్కపెట్టకూడదన్న సంగతి, ఈ మూడూ నాలుగు వాక్యాల్లో చెప్పి, "ఈ ఉద్యోగానికి నేను తెచ్చేది ఇది సార్" అని పని మీదికి తిప్పండి. ఇక మా కోస్తాలో ఇంకోటి ఎక్కువ. పేరు చూసి, "మేరీ అంటారు, హిందూ సర్టిఫికెట్ అంటారు, ఎట్లాగమ్మా?" అంటారు. మా హాస్టల్ అమ్మాయి ఒకతి చెప్పిన జవాబు నేను ఎర్ర ఇంకుతో రాసుకున్నా. "పేరు మా అమ్మమ్మ పెట్టింది సార్. సర్టిఫికెట్ తహసీల్దారు గారిచ్చారు." ఇంక మాట్లాడలేదంట ఎవరూ.

నేను కూడా ఒకసారి బల్లకి అవతలి వైపు కూచున్నా. కొన్నేళ్ల కిందట ఒక స్వచ్ఛంద సంస్థ టీచర్ల ఎంపికకి పిలిచింది. ఒక కుర్రాడొచ్చాడు. సన్నగా, ఎవరివో అరువు బూట్లు, మడమ దగ్గర బ్యాండేజీ. నాకు వాణ్ని చూస్తే తమ్ముడిలా అనిపించింది. మన పిల్లాడేమో, ఒక మార్కు ఎక్కువ వేద్దాం అని మనసులో ఉంది. చాలా ప్రేమగా అడిగా. "మీదే ఊరు నాన్నా? ఊళ్లో ఎక్కడ?"

వాడి ముఖం మూసుకుపోయింది. "సెంటర్లో మేడమ్" అన్నాడు. ఆ తర్వాత ఏ ప్రశ్నకీ సరిగా చెప్పలేదు. నా లోపలి ప్రేమ వాడికెట్లా కనపడుతుంది? వాడికి వినపడింది ఆ పాత ప్రశ్నే. కళ్లజోడు పెద్దాయన కూడా పాపం మిర్చి మీద ఇష్టంతోనే అడిగాడేమో, ఇప్పటికీ నాకు తెలియదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత నేను పట్టుబట్టి మార్పించా. అందరికీ ఒకే అయిదు ప్రశ్నలు, ముందే రాసి పెట్టుకున్నవి. ఎవరి మార్కులు వాళ్లు వేసుకున్నాకే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం. ఊరు, కుటుంబం, ఏమీ లేదు. పొద్దున వచ్చిన ఆ కుర్రాణ్ని మాత్రం మళ్లీ పిలవలేకపోయా. వాడు ఎక్కడున్నాడో. ఇది చదువుతుంటే, తమ్ముడూ, తప్పు నాదే.

చిన్న చిన్నవి కొన్ని చెప్పి ముగిస్తా. బూట్లు అరువైతే వారం ముందే తెచ్చుకుని తొడుక్కుని నడవండి. కాల్ లెటరు చివరిదాకా చదవండి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి ఇంటర్వ్యూకొచ్చే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి రెండో తరగతి రైలు చార్జీ తిరిగిచ్చే నిబంధన ఉంది, టికెట్టు పారేయకండి. కుల ధ్రువీకరణ పత్రం వాళ్లడిగిన ఫార్మాట్‌లో ఉందో లేదో చూసుకోండి, పోయినవారం రాశా.

నిన్న శనివారం రాత్రి ఆ పిల్లకి ఫోన్ చేశా. ముందు నా 2003 కథ చెప్పా. అవతల చాలాసేపు చప్పుడు లేదు. "అమ్మమ్మకి తెలుసా పిన్నీ?" అంది. తెలియదన్నా.

తర్వాత చెప్పా. చూడమ్మా, నీ కులం, మీ నాన్న పని, మీ వీధి, వాళ్లకి చెప్పి తీరాలని ఎక్కడా లేదు. చెప్పకపోవడం నీ ఇష్టం. మున్సిపాలిటీలో పనిచేస్తారు అని అక్కడ ఆపొచ్చు, అది తప్పు కాదు, నేను ఒక్క మాట అనను. కానీ ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఆలోచించుకో. ఏ సెక్షన్, ఏ పోస్టు అంటారు. అప్పుడు నువ్వు ఎటు నడుస్తావో ముందే తేల్చుకో. అక్కడికక్కడ గొంతు తేల్చుకుంటే నాలాగా అవుతుంది.

"సరే, నువ్వు బోర్డువి. అడుగు" అంది.

"మీ నాన్నగారేం చేస్తుంటారమ్మా?"

"పారిశుధ్య కార్మికుడు మేడమ్, మున్సిపాలిటీలో. కాంట్రాక్టు మీద." ఒక క్షణం ఆగింది. "పోయినేడు ఆయన పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో తీశా. జీతంలో కోసిన మూడు నెలల డబ్బు కాంట్రాక్టరు జమ చేయలేదు. మా వీధిలో అందరివీ తీసి చూశా, అందరివీ అంతే. ఎవరెవరికి ఎంత రావాలో లెక్క రాసి పీఎఫ్ ఆఫీసుకి అర్జీ పెట్టాం... పెట్టా. ఇప్పుడు పడింది. మా అమ్మ డ్వాక్రా గ్రూపు పుస్తకాలు కూడా నేనే రాస్తా మేడమ్."

నేను రెండో ప్రశ్న వేయడం మర్చిపోయా.

"ఏంటి పిన్నీ, బాలేదా?"

బాగుందన్నా. "మంగళవారం అదే చెప్తావా?" అంటే, "చూస్తా. అక్కడ కూచున్నాక చూస్తా" అంది. సరే అన్నా.

తొమ్మిదిన్నరకి రిపోర్టింగ్. వాళ్ల నాన్న డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి తోడొస్తున్నాడంట. గేటు దగ్గర ఎండగా ఉంటుంది, గొడుగు పెట్టుకోమని చెప్పా.